వంశవృక్షములో అనామతు పద్దు

హైదరాబాదు నగరమున మొజంజాహీ మార్కెటుకును గౌలిగూడకును చేరువలో ఉస్మాన్‌గంజ్ కలదు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పేరు మోయుచున్న ఈ గంజు టోకు వర్తకమునకు పెట్టినపేరు. బస్తాల లెక్క, బండ్ల లెక్క, బాకీల లెక్క అచ్చటి జీవనము. చిట్టా వ్రాసి, ఆవర్జాకెక్కించి, సాయంకాలమునకు జమాఖర్చులు సరిచూచు గుమాస్తాలకు ఒక నియమము కలదు. ఎవరి పేరున జమకట్టవలెనో తెలియని సొమ్ము చేతికి వచ్చినచో, దానిని తోచిన పేరున వ్రాయరాదు. అట్లని వ్రాయక మానరాదు. అనామతు ఖాతాలో వేసి, ఆధారము దొరకువరకు అట్లే ఉంచవలెను. లెక్కలలో ఇది చిన్న ఏర్పాటు. కాని మనుష్యుల పుట్టుపూర్వోత్తరములు వ్రాయువారికి ఇంతకన్న మంచి నీతి దొరకదు.

తన పూర్వికుడెవరో తెలిసికొనవలెనను కోరిక మనిషికి సహజము. ఆ కోరిక వెంట ఒక భయము కూడ నడచును. వెదకగా వెదకగా ఒకచోట తండ్రి పేరు ఉండవలసిన గడి ఖాళీగా కనబడును. అప్పుడు వెదకువాని యెదుట మూడు దారులుండును. ఖాళీని చూచి సిగ్గుపడి పుస్తకము మూసివేయుట ఒకటి. గౌరవప్రదమైన పేరొకటి కల్పించి ఆ గడిని నింపుట రెండవది. ఖాళీని ఖాళీగానే ఒప్పుకొని, చుట్టుప్రక్కల పత్రములను ఓపికతో పరిశీలించుట మూడవది. మొదటిది పిరికితనము, రెండవది అసత్యము. మూడవది చరిత్ర. ఈ మాట పండితులకంటె ముందుగా పాఠశాలలకు వినవలసి యున్నది. ఏలయన పిల్లల పేరు ప్రక్కన తండ్రి పేరు వ్రాయు పని దినదినము జరుగుచున్నది అచ్చటనే.

ఈ విషయములో ఐర్లండు దేశపు అనుభవము లోకమునకొక పాఠము. కరవులచేతను, దారిద్ర్యముచేతను ఆ చిన్న దేశమును విడిచి అమెరికాకు, ఆస్ట్రేలియాకు వలస పోయినవారి సంతతి నేడు కోట్ల సంఖ్యలో ఉన్నది. తాతముత్తాతల గ్రామమేదో, తల్లిదండ్రులెవరో తెలిసికొనగోరి వారు పాత పుస్తకములు తిరుగవేయుదురు. కాని ఐర్లండులో జనన నమోదు అందరికిని ఏర్పడినది 1864లో మాత్రమే. అంతకుముందు బిడ్డ పుట్టుకకు సాక్ష్యము చర్చిలోని జ్ఞానస్నాన పుస్తకము. ఆ పుస్తకములలో వివాహము లేకుండ పుట్టిన బిడ్డ పేరు వ్రాయునపుడు తల్లి పేరు వ్రాసి తండ్రి పేరు విడిచిన పుటలు కలవు. తల్లి చెప్పిన పేరును తండ్రిగా చేర్చిన పుటలును కలవు. తల్లి చెప్పినది సత్యమో, భయముచే చెప్పిన మాటయో పుట చెప్పదు.

దీనికి తోడు అగ్నిప్రమాదమొకటి. 1922 జూన్ 30న, అంతర్యుద్ధ కాలమున, డబ్లిన్ నగరములో నాలుగు న్యాయస్థానముల ప్రాంగణమందున్న ప్రభుత్వ పత్రభాండాగారము పేలుడుతో తగులబడిపోయెను. 1821 మొదలు 1851 వరకు జరిగిన జనాభా లెక్కలలో స్వల్పభాగము తప్ప తక్కినది బూడిదయ్యెను. వీలునామాలు, ప్రొటెస్టెంటు చర్చీల పుస్తకములు వేలకొలది నశించెను. తరువాతి దశాబ్దముల లెక్కలను అంతకుముందే ప్రభుత్వమే నాశనము చేయించి యుండెను. నేడు పూర్తిగా మిగిలిన పాత లెక్కలు 1901, 1911 సంవత్సరములవి. ఆ నష్టమును చూచి ఐరిష్ పరిశోధకులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. భూమిశిస్తు పట్టీలు, కౌలు లెక్కలు, జ్ఞానస్నానమునకు సాక్షులుగా నిలిచిన వారి పేర్లు, పొరుగువారి వీలునామాలు పట్టుకొని కుటుంబములను మరల అల్లుచున్నారు. కాలిపోయిన పత్రముల నకళ్లు ఇతర దేశముల భాండాగారములలో ఎక్కడెక్కడ కలవో వెదకి, వానినన్నింటిని ఒకచోట చేర్చు ప్రయత్నము 2022లో, అగ్నిప్రమాదమునకు నూరేండ్లు నిండిన నాటికి, జనులకు అందుబాటులోనికి వచ్చినది.

ఇదంతయు దూరదేశపు కథ యనుకొనరాదు. ఉస్మాన్‌గంజ్ నుండి కాలినడకను పోదగిన దూరములో కోఠి కలదు. అచ్చటి స్తంభముల మేడ ఒకప్పుడు ఇంగ్లీషు కుంపిణీవారి రెసిడెన్సీ. 1803 ప్రాంతమున దాని నిర్మాణము ప్రారంభించినవాడు రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. నిజాము ఇచ్చిన హష్మత్ జంగ్ అను బిరుదు నేటికిని హష్మత్‌గంజ్ అను వీధి పేరున వినబడుచున్నది. 1949 నుండి ఆ మేడ స్త్రీల విద్యాలయమైనది. 2022లో మహిళా విశ్వవిద్యాలయమైనది. అందులో చదువుకొను బాలికలకు తెలిసినను తెలియకున్నను, వారి తరగతి గదుల వెనుక ఒక ఐరిష్ మూలపు కుటుంబ చరిత్ర దాగి యున్నది. అందులో అనిశ్చితములైన పుట్టుకలు ఒకటి కాదు, తరతరమునకు కలవు.

ఆ కుటుంబమున తెలిసినంతలో మొదటివాడు ఉత్తర ఐర్లండులోని ఉల్‌స్టర్ సీమకు చెందిన వైద్యుడు జేమ్స్ కిల్‌పాట్రిక్. ఆయన 1717లో అమెరికాలోని దక్షిణ కరోలినాకు వలసపోయి, 1738లో చార్ల్స్‌టన్ పట్టణమున మశూచి చెలరేగినపుడు టీకా పద్ధతిని ప్రయోగించి పేరుపొందెను. తరువాత లండనుకు వచ్చి ఇంటిపేరును కిర్క్‌పాట్రిక్ అని మార్చుకొనెను. ఐరిష్ భాషలో 'కిల్' అనినను, స్కాట్లండు పలుకుబడిలో 'కిర్క్' అనినను దేవాలయమే. అర్థము మారలేదు, కాని ఊరు మారినది, గౌరవము మారినది. వంశము వెదకువాడు మొదటి మెట్టుమీదనే నేర్చుకొనదగిన పాఠమిది: ఇంటిపేరు రాతిమీద చెక్కిన అక్షరము కాదు, అవసరమునుబట్టి కట్టుకొను వస్త్రము. పేరు కలిసినంత మాత్రమున వంశము కలిసినట్లును కాదు. పేరు విడిపోయినంత మాత్రమున వంశము తెగినట్లును కాదు.

ఆ వైద్యుని కుమారుడు కర్నల్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్ చెన్నపట్టణమున కుంపిణీ సైన్యములో చేరెను. సుందరుడని ప్రసిద్ధి. ఆయనకు ముగ్గురు కొడుకులు: విలియము, జార్జి, జేమ్స్ అకిలీస్. పై పైని చూచినచో ఒక తండ్రి, ముగ్గురు కొడుకులు. వంశవృక్షము ముచ్చటగా కనబడును. ఇప్పుడు తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. కర్నల్‌కు క్యాథరిన్ మన్రో అను వైద్యుని కుమార్తెతో చెన్నపట్టణమున వివాహమైనది 1762లో. జార్జి పుట్టినది 1763లో, జేమ్స్ అకిలీస్ పుట్టినది 1764లో. విలియము పుట్టినది 1754లో. పెండ్లికి ఎనిమిదేండ్ల ముందు పుట్టిన కొడుకు ఆ పెండ్లి సంతానము కానేరడు. ఇందుకు గొప్ప పాండిత్యమేమియు నక్కరలేదు; నాలుగవ తరగతి తీసివేత చాలును. విలియము తల్లి మరియొక స్త్రీ. పత్రములలో ఆమె శ్రీమతి బూత్ అని మాత్రమే పలుకరించును. బాల్యమును ఐర్లండులో గడపిన ఆ కొడుకు తన పదవులచే, గ్రంథములచే ప్రసిద్ధుడయ్యెను, తండ్రికిని పేరున్నది. తల్లికి మిగిలినది ఒక ఇంటిపేరు. అదియును ఆమె భర్తదో పుట్టినింటిదో చదువరికి స్ఫురింపదు.

ఆ విలియము కిర్క్‌పాట్రిక్ 1790 దశకము మధ్యను హైదరాబాదులో రెసిడెంటుగా ఉండెను. పారసీక భాషలో దిట్ట. టిప్పు సుల్తాను లేఖలను ఇంగ్లీషులోనికి తెచ్చి 1811లో ప్రకటించెను. నేపాళ దేశమును గురించి గ్రంథము వ్రాసెను. జబ్బుపడి ఆయన వెడలగా, 1797లో ఆ స్థానమునకు వచ్చినవాడు తమ్ముడు జేమ్స్ అకిలీస్. అన్నదమ్ములకు తల్లులు వేరు; ఒకని పుట్టుకకు వివాహపత్రము కలదు, మరియొకని పుట్టుకకు లేదు. అయినను వారిద్దరి నడుమ నడచిన ఉత్తరములు, కొన్ని భాగములు సంకేతాక్షరములలో వ్రాసినవి, నేటికిని లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున భద్రముగా ఉన్నవి. వానిలో కనబడు ఆత్మీయతకు ఏ రిజిస్టరును అడ్డము రాలేదు.

తరువాతి తరములో కథ హైదరాబాదు అంతఃపురములలోనికి ప్రవేశించును. జేమ్స్ అకిలీస్, నగరపు ఉన్నతవంశీయురాలు ఖైరున్నిసాను ఇస్లాము సంప్రదాయానుసారము వివాహమాడెను. 1801లో కొడుకు, 1802లో కుమార్తె పుట్టిరి. ఇంట వారి పేర్లు సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం. ఈ వివాహమునకు ఏ చర్చి పుస్తకమునను పుట లేదు. రెసిడెంటు చేసిన పనిపై గవర్నర్ జనరల్ వెల్లస్లీ విచారణ జరిపించెను.

విచారణ జరిపించినవాని వంశమును ఒకమారు చూడదగును. వెల్లస్లీ ఐర్లండులో పుట్టినవాడు. ఆయన తాత అసలు ఇంటిపేరు కోలీ. 1728లో బంధువు ఆస్తి సంక్రమించుటచే వెస్లీ అయ్యెను. దానిని మనుమడు వెల్లస్లీ అని దిద్దుకొనెను. ఆయనకు హయసింత్ రోలాండ్ అను ఫ్రెంచి స్త్రీవలన పుట్టిన అయిదుగురు బిడ్డలును, 1794లో ఆమెను పెండ్లాడుటకు ముందే పుట్టినవారు. అందుచే 1842లో ఆయన మరణించినపుడు తండ్రి బిరుదములు ఆ కొడుకులకు దక్కలేదు. పరుల ఇంటి గడిలోని ఖాళీని వ్రేలుపెట్టి చూపినవాని పుస్తకములోనే అంతకుమించిన ఖాళీలుండెను. వంశ చరిత్రలు చదువుట వలన కలుగు మొదటి లాభము ఈ వినయమే. పరిశుద్ధమని తలపబడు ఏ వంశావళిని విప్పినను, నాలుగు తరములు దాటునప్పటికి ఎక్కడనో ఒకచోట సిరా అలికినట్లుండును.

1805లో ఆ బిడ్డలిద్దరిని ఓడనెక్కించి ఇంగ్లండుకు పంపిరి. అదే సంవత్సరము అక్టోబరులో తండ్రి కలకత్తాలో మరణించెను. 1806 మార్చి 25న లండనులోని ఒక చర్చిలో వారికి జ్ఞానస్నానము జరిగెను. సాహెబ్ ఆలం విలియము జార్జి కిర్క్‌పాట్రిక్ అయ్యెను; సాహెబ్ బేగం క్యాథరిన్ అరోరా అయ్యెను. ఆ ఒక్క దినమున పాత పేర్లు మరుగుపడెను. తల్లి వారిని మరల చూడలేదు. 1813లో హైదరాబాదులో కన్నుమూసెను. కిట్టీ అని పిలువబడిన ఆ బాలిక పెరిగి పెద్దదై, టామస్ కార్లైల్ అను రచయితను ఆకర్షించెననియు, ఆయన గ్రంథములోని నాయికకు ఆమె ఛాయ కలదనియు అందురు. కాని అంతకంటె స్మరింపదగిన సంగతి వేరొకటి. దాదాపు నలుబదియేండ్ల మౌనము తరువాత, 1840 దశకమున ఆమె హైదరాబాదులో జీవించియున్న అమ్మమ్మ షరఫున్నిసాతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపెను. చర్చి పుస్తకము తల్లిని దాచిపెట్టగా, మనుమరాలి జ్ఞాపకము, అమ్మమ్మ ఉత్తరము ఆమెను వెలికి తెచ్చినవి.

ఈ మూడు తరముల కథలో గమనింపదగిన విషయమేమి? తండ్రి తెలియకపోవుట పుట్టుకలోని అనిశ్చయమని లోకము తలచును. కాని కిర్క్‌పాట్రిక్కుల కథలో తండ్రులందరును తెలిసినవారే, మరుగుపడినవారు తల్లులు. శ్రీమతి బూత్ ఒక నీడ. ఖైరున్నిసా చర్చి పుస్తకమునకు వెలుపల నిలిచిన స్త్రీ. పేదయింట తండ్రి గడి ఖాళీ. పెద్దయింట తల్లి గడి ఖాళీ. ఖాళీ ఎక్కడ ఏర్పడునో నిర్ణయించునది ప్రకృతి కాదు, కలము పట్టినవాని అధికారము. పత్రములను చదువువాడు పత్రములో ఉన్నదానిని మాత్రమే చదివినచో ఆ అధికారమునకు దాసుడగును. లేనిదానిని కూడ చదువవలెను.

కిర్క్‌పాట్రిక్కులు ఉన్నతాధికారులు, వారి ఉత్తరములు భాండాగారములలో నిలిచినవి. సికిందరాబాదు దండులోనికి వచ్చిన సామాన్య ఐరిష్ సిపాయిల సంగతి వేరు. వారి కొరకే యన్నట్లు ఐర్లండు నుండి కథలిక్కు గురువులును వచ్చిరి. 1850లో పూర్తియైన సికిందరాబాదు సెయింట్ మేరీ చర్చి, ఐరిష్ గురువు డేనియల్ మర్ఫీ కృషి ఫలితము. చెన్నపట్టణ రాజధానికి చెందిన జ్ఞానస్నాన, వివాహ, ఖనన వివరముల నకళ్లు ఏటేట లండనుకు పంపబడుచుండెను. అవి నేటికిని చదువ వీలగుచున్నవి. కాని సిపాయికిని స్థానిక స్త్రీకిని పుట్టిన బిడ్డ ఆ నకళ్లలో చేరెనా లేదా అనునది, ఆ సిపాయి మంచితనముపైనను, అతని దళము ఊరు మారిన తేదీపైనను ఆధారపడి యుండెను.

ఇందులో చట్టపు చిక్కును లేకపోలేదు. భారత రాజ్యాంగము 366వ అధికరణములో ఆంగ్లో ఇండియను అనగా ఎవరో నిర్వచింపబడినది. తండ్రి గాని, పితృవంశములోని మరియొక పురుషుడు గాని ఐరోపా సంతతివాడై యుండవలెను. తల్లివైపు ఐరోపీయత లెక్కకు రాదు. అనగా ఎన్నడో గతించిన ఒక తండ్రి పేరుపై ఒక కుటుంబము చట్టము దృష్టిలో ఏ సమాజమునకు చెందునో ఆధారపడి యున్నది. చట్టసభలలో ఆ సమాజమునకు గల నామినేషను స్థానములు 2020 జనవరిలో రద్దయినవి; నిర్వచనము మాత్రము నిలిచియున్నది. పూర్వికుని వెదకుట కేవలము తీరికవేళ వేడుక కాదని దీనివలన తెలియుచున్నది.

డబ్లిన్‌లో నిప్పు చేసిన పనిని హైదరాబాదులో నీరు చేసెను. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి, అఫ్జల్‌గంజ్, కోల్సావాడి మొదలగు తీరప్రాంతములను ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. వేలకొలది ఇండ్లు కూలెను. ఇండ్లే నిలువని నాడు ఇండ్లలోని కొయ్యపెట్టెలు నిలుచునా? పెట్టెలలోని నిఖానామాలు, జాతకచక్రములు, దానపత్రములు నిలుచునా? నగరములో అనేక కుటుంబముల జ్ఞాపకము ఆ వరదకు ఇవతలనే ఆరంభమగుటలో ఆశ్చర్యము లేదు. అట్టి కుటుంబములు తమకు పూర్వచరిత్ర లేదని తలవంచుకొననక్కరలేదు. చరిత్ర కలదు; కాగితము పోయినది.

తెలుగు దేశమున కాగితముకంటె ముందు కంఠము కలదు. నేడు వంశరాజులని పిలువబడువారు, భట్రాజులు, ఇంటింటికి వచ్చి కుటుంబముల గోత్రములు, పూర్వికుల పేర్లు పాడి వినిపించెడివారు. గయలోను, కాశిలోను తీర్థపురోహితుల వద్ద యాత్రికుల తాతముత్తాతల పేర్లు వ్రాసిన పుస్తకములు కలవు. శ్రాద్ధకాలమున మూడు తరముల పేర్లు పలుకుట ప్రతి ఇంట వంశావళిని కంఠస్థము చేయించిన బడి. వీనికన్నింటికిని విలువ కలదు. కాని ఇవియును పరీక్షకు అతీతములు కావు. పొగడి బహుమతి పొందువాడు పొగడ్తకు లొంగును. ఖాళీ ఉన్నచోట సూర్యవంశమో చంద్రవంశమో వచ్చి కూర్చుండును. తెలుగు రాజవంశముల ప్రశస్తులలోనే ఈ విద్య ధారాళముగా కనబడుచున్నది.

అట్లని ఈ సంప్రదాయములో వేరొక ధార లేకపోలేదు. శాతవాహన రాజులు గౌతమీపుత్ర శాతకర్ణి యనియు, వాసిష్ఠీపుత్ర పులుమావి యనియు తల్లి పేరుతో శాసనములలో నిలిచిరి. నాగార్జునకొండ నేలిన ఇక్ష్వాకులును అట్లే వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు అని చెప్పుకొనిరి. వారికి తండ్రులు తెలియకపోలేదు. తల్లి పేరు చెప్పుట చిన్నతనమని వారు తలపలేదు. ఇక ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలుని కథ ఉపాధ్యాయులకు శిరోధార్యము. గురువు గోత్రమడుగునని బాలుడు తల్లిని అడిగెను. యౌవనమున పలుచోట్ల పరిచర్యలు చేయుచు నిన్ను కంటిని, నీ గోత్రము నాకు తెలియదు, నా పేరు జబాల, నీ పేరు సత్యకాముడు, సత్యకామ జాబాలుడనని చెప్పుమని ఆమె పలికెను. బాలుడు గౌతమ హారిద్రుమతుని ఎదుట ఆ మాటనే ఏ మార్పును లేకుండ పలికెను. సత్యము తప్పని వానికి వేరొక అర్హత అక్కరలేదని గురువు శిష్యునిగా గ్రహించెను. జబాల తన కొడుకు గోత్రమును అనామతు ఖాతాలో ఉంచినది. తోచిన ఋషి పేరొకటి చెప్పి గడి నింపలేదు. గురువును ఆ ఖాళీని నింపుమని ఒత్తిడి చేయలేదు. ఆ పాఠశాలలో ప్రవేశపత్రము ఆ విధముగా పూర్తియైనది.

నేడు రక్తపరీక్షలకు మించిన పరీక్షలు వచ్చినవి. మనిషి జీవకణములలోని డి.ఎన్.ఏ. నుండి బంధుత్వములను లెక్కకట్టుచున్నారు. బిడ్డకు సగము తల్లినుండి, సగము తండ్రినుండి వచ్చును. తండ్రినుండి కొడుకునకు వై క్రోమోజోము వచ్చును. తల్లినుండి బిడ్డలందరికిని మైటోకాండ్రియా వారసత్వము వచ్చును. ఒక తాత మనుమలైన పెత్తండ్రి, పినతండ్రి బిడ్డల నడుమ సుమారు ఎనిమిదవ వంతు సమానముగా ఉండును. ఐరిష్ సంతతివారు అనేకులు ఈ దారిని అజ్ఞాతులైన ముత్తాతలను గుర్తించిరి. అయినను పరీక్ష బంధుత్వపు దూరమును చెప్పును గాని పేరు చెప్పదు. ఇద్దరు అన్నదమ్ములలో పూర్వికుడెవరో పలుమారు అదియును తేల్చలేదు. పేరు చెప్పుటకు మరల పాత పుస్తకమే కావలెను. శాస్త్రము సాక్షి యగును, తీర్పరి కాజాలదు.

విద్యార్థులు ఈ వెదకులాటను చక్కని చరిత్రాభ్యాసముగా చేయవచ్చును. జీవించియున్నవారి నుండి ప్రారంభించి వెనుకకు నడువవలెను. ఏదో ఒక రాజును పట్టుకొని ముందుకు దిగరాదు. సంఘటన జరిగిన నాడే వ్రాసిన పత్రమునకును, ఏబది యేండ్ల తరువాత చెప్పిన మాటకును భేదము తెలియవలెను. ఒక్క పత్రమును నమ్మక, దానికి సంబంధములేని వేరొక పత్రముతో సరిచూడవలెను. తేదీలను వరుసగా వ్రాసినచో అబద్ధములు వాటంతట అవియే తొలగిపోవును. 1754కును 1762కును నడుమ గల ఎనిమిదేండ్లు చేసిన పని ఇదియే. చివరకు, తెలిసినది తెలిసినట్లును, తెలియనిది తెలియనట్లును వ్రాయవలెను. ఈ అభ్యాసము చేసిన బాలుడు రేపు వార్తాపత్రికను చదువునపుడును, ఎన్నికల ప్రసంగము వినునపుడును ఆధారమేమని అడుగును.

నదీమూలము, ఋషిమూలము అడుగరాదను సామెత చెప్పి ఈ వెదకులాటను వలదనువారు కలరు. వారి మాటలో సగము న్యాయము కలదు. జీవించియున్న స్త్రీ దాచుకొన్న దుఃఖమును ఇతరుల కుతూహలము కొరకు బజారు కీడ్చుట తగదు. అయితే అడుగువాడు ఇతరుడు కాక బిడ్డయే యైనచో? ఐర్లండులో వేలకొలది అవివాహిత మాతల బిడ్డలను దత్తత కిచ్చి, వారి జన్మపత్రములను దశాబ్దముల తరబడి మూసి యుంచిరి. సక్రమ, అక్రమ సంతానమను భేదమును అచ్చటి చట్టము 1987లో తొలగించినది. జన్మ వివరములు తెలిసికొను హక్కును 2022 నాటి చట్టము ఆ బిడ్డలకు ఇచ్చినది. తల్లి కలిసికొనుటకు ఇష్టపడనిచో ఆ ఇష్టమును బిడ్డకు తెలియజేయుదురు. కాని జన్మపత్రమును నిరాకరింపరు. తల్లి ఏకాంతము, బిడ్డ హక్కు రెండును నిలుపుటకు చేసిన ఈ ఏర్పాటులో వివేకము కలదు. ఊరివారి కుతూహలమునకు సామెత వర్తించును. బిడ్డ ప్రశ్నకు వర్తింపదు.

భారతదేశమునను న్యాయస్థానము ఈ దిశగా అడుగు వేసినది. అవివాహిత మాత తన బిడ్డకు సంరక్షకురాలగుటకు తండ్రి పేరు వెల్లడింపనక్కరలేదనియు, ఆమె ప్రమాణపత్రముపై బిడ్డకు జన్మపత్రము ఇయ్యవలెననియు సుప్రీంకోర్టు 2015 జూలై 6న తీర్పు చెప్పినది. తీర్పు ఢిల్లీలో వెలువడినది. అది పల్లెటూరి పాఠశాల మెట్లు ఎక్కవలసి యున్నది. ప్రవేశ పుస్తకము ముందు పెట్టుకొని, తరగతి అంతయు వినుచుండగా, తండ్రి పేరేమని అడుగు గొంతులో ఆ తీర్పు వినబడవలెను.

వంశవృక్షము గీసికొని రమ్మని పిల్లలకు ఇంటిపని ఇచ్చు ఆచారము పాఠశాలలలో కలదు. మంచి ఆచారమే. కాని తరగతిలోని నలుబదిమందిలో ఒకనికి ఆ చెట్టు సగమే ఉండవచ్చును. తల్లి ఒక్కతెయే పెంచిన బిడ్డ, అనాథాశ్రమమున పెరిగిన బిడ్డ, దత్తత వచ్చిన బిడ్డ ఆ రాత్రి తెల్లకాగితము ముందు కూర్చుండి ఏమి చేయును? సిగ్గుచే ఒక పేరు కల్పించును. చరిత్ర పాఠము అబద్ధముతో ప్రారంభమగును. అట్లు కాక, తెలిసిన పేర్లు మాత్రమే వ్రాయుమనియు, తెలియని గడిని ఖాళీగా విడుచుట తప్పు కాదనియు, పెంచినవారి పేర్లు కన్నవారి పేర్లతో సమానముగా వ్రాయవచ్చుననియు ఉపాధ్యాయుడు ముందుగనే చెప్పినచో, ఆ బిడ్డ తల ఎత్తుకొని బడికి వచ్చును. ఈ ఒక్క మాటకు ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు, ఖర్చును లేదు.

విలియము కిర్క్‌పాట్రిక్ తన పుట్టుకకు తాను బాధ్యుడు కాడు. తాను వ్రాసిన గ్రంథములకు బాధ్యుడు. సత్యకాముడు తన గోత్రము నెన్నుకొనలేదు, సత్యము నెన్నుకొనెను. పుట్టుకను తెలిసికొనుట బిడ్డ హక్కు. దానినిబట్టి బిడ్డను తూచుట ఎవరి హక్కును కాదు. ఈ రెండు వాక్యములను కలిపి బోధింపగల పాఠశాలలో ప్రవేశ పుస్తకపు ఖాళీ గడి ఏ బిడ్డను బాధింపదు. ఆధారము దొరకిన దినమున దానిని నింపవచ్చును. దొరకనిచో అట్లే ఉండనీయవచ్చును. లెక్క తప్పలేదు.